టెలిఫోను ఖర్చూ, ఇల్లాలి లెక్కా
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పాలవాడికి నెలకెంత ఇస్తున్నారని అడిగితే మనలో ఎవరమైనా ఠక్కున చెబుతాం. గ్యాసు బండ ఎన్నాళ్ళు వచ్చిందో, కరెంటు బిల్లు కిందటి నెలకంటే ఎంత పెరిగిందో కూడా చెబుతాం. కాని, మీ ఇంట్లో టెలిఫోనులకి ఏడాదికి ఎంత పోతోందండీ అని అడిగితే మాత్రం కాస్త ఆగి, "ఏముందీ, ఒక్కొక్కళ్ళకీ మూడొందలో ఎంతో" అంటాం. ఆ "ఎంతో" అన్నదాన్ని గురించే ఈరోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

పూర్వం ఈ ఇబ్బంది లేదు. ఇంటికొక్క ఫోను, అదీ అందరి ఇళ్ళలోనూ ఉండేది కాదు. రెండు నెలలకోసారి కాగితం బిల్లు కవరులో వచ్చేది. అది వచ్చిననాడు ఇంట్లో పెద్ద విచారణే జరిగేది. ఎవరు ఎవరికి చేశారు, ఎంతసేపు మాట్లాడారు అని. డయలుకు చిన్న తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకు తిరిగిన పెద్దమనుషుల్ని నా చిన్నతనంలో చూశాను. ఊరుగాని ఊరికి మాట్లాడాలంటే ఎస్.టి.డి. బూతు ముందు నిలబడి, రాత్రి పదకొండు ఎప్పుడవుతుందా, పావు రేటు ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేవాళ్ళం. ఆ తరవాత చేతిఫోనులు వచ్చాయి. మన దేశంలో 1995 జూలై 31న మొదలయ్యాయి. అప్పట్లో ఫోను చేసినవారికే కాదు, ఎత్తినవారికి కూడా డబ్బు పడేది. ఎత్తినందుకు పడే రుసుము 2003లో పోయింది. మిస్డ్ కాల్ అనే గొప్ప విద్య మనవాళ్ళు నేర్చుకున్నది ఆ రోజుల్లోనే కాబోలు.

ఇప్పుడు తాళాలూ లేవు, చాలా ఇళ్ళకి కాగితం బిల్లూ లేదు. బిల్లు రాకపోవడమే అసలు చిక్కు. డబ్బు ముందే పోతోంది, ముక్కలు ముక్కలుగా పోతోంది, ఒక్కో చేతిమీదుగా పోతోంది. మావారు తన ఫోనులోనే తాను కట్టుకుంటారు. అబ్బాయి వాడిది వాడు చేసుకుని సాయంత్రం డబ్బులడుగుతాడు. అత్తగారిది వీధి చివర కొట్టువాడు వేస్తాడు. ఏ ఒక్కటీ పెద్ద మొత్తంగా కనబడదు. అంచేత ఎవరికీ నొప్పి తెలియదు.

అందుకని మొట్టమొదట చెయ్యవలసిన పని పద్దు రాయడం. పాలపద్దు రాసే పుస్తకంలోనే చివర ఒక పేజీ తీసుకోండి. ఇంట్లో ఎన్ని నంబర్లున్నాయో అన్నీ రాయండి. మనుషుల్ని కాదు సుమా, నంబర్లని. ఒక్కొక్క ఫోనులో రెండేసి సిమ్ములు ఉంటాయి గదా! నంబరు పక్కన కిందటిసారి ఎంత వేశారో, ఎన్ని రోజులకి వేశారో, ఆ తేదీ ఏమిటో రాయండి. ఇంటికి బ్రాడ్‌బ్యాండు ఉంటే అదీ రాయండి.

మాట వరసకి ఐదుగురున్న ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు, అత్తగారు, ఇంజనీరింగు చదివే అబ్బాయి, ఇంటరు చదివే అమ్మాయి. లెక్క తేలిగ్గా ఉండడానికి తలా 300 రూపాయల రీఛార్జి అనుకోండి, 28 రోజులకి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 28 రోజులంటే నెల కాదు. నాలుగు వారాలు. ఏడాదిని 28 చేత భాగిస్తే 13 వస్తుంది. అంటే మనం ఏడాదికి పన్నెండుసార్లు కడుతున్నామనుకుంటూ పదమూడుసార్లు కడుతున్నాం. పాలవాడు ఏడాదికి పదమూడు నెలల డబ్బు అడిగితే ఊరుకుంటామా? సరే, 300 చొప్పున పదమూడుసార్లకి 3,900. ఐదుగురికి 19,500. ఇంటాయన రెండో సిమ్ముకి 200 చొప్పున మరో 2,600. బ్రాడ్‌బ్యాండు 500 అంటారు గాని, దానిమీద నూటికి 18 చొప్పున పన్ను పడి 590 అవుతుంది. పన్నెండు నెలలకి 7,080. మొత్తం కూడండి. 29,180 రూపాయలు. ముప్ఫై వేలకి ఎనిమిది వందల చిల్లర తక్కువ! మీ ఇంట్లో ఇంతకన్నా తక్కువ కావచ్చు, ఎక్కువా కావచ్చు. కాని కూడి చూసేదాకా ఎవరికీ తెలియదు.

ఆ 28 రోజుల సంగతి మీదే చాలామంది ఫిర్యాదు చేసిన మీదట, టెలికాం నియంత్రణ సంస్థ - ట్రాయ్ అంటారు - 2022 జనవరిలో ఒక ఉత్తరువు ఇచ్చింది. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లానూ, ప్రతినెలా అదే తేదీకి కట్టుకునే ప్లాను ఒకటీ ఉంచాలని. ఉన్నాయి. కాని కొట్టువాడు మనం అడగనిదే చెప్పడు. ఫోనులో చూసినా 28 రోజులవే ముందు వరసలో కనబడతాయి. కాబట్టి ఏ ప్లానైనా సరే, ధరని రోజులచేత భాగించి రోజుకెంత పడుతోందో చూడండి. 300 రూపాయలు 28 రోజులకైతే రోజుకి పదిన్నర పైమాటే. అదే 84 రోజులకి 800 అయితే రోజుకి తొమ్మిదిన్నర. కందిపప్పు అరకిలో పొట్లం ధరా, ఐదు కిలోల సంచీ ధరా పోల్చి చూసుకునే మనకి ఈ లెక్క ఒక లెక్కా?

అలాగని ఏడాదికి సరిపడా ఒక్కసారే కట్టెయ్యమని నేను చెప్పను. చేతిలో అంత డబ్బు ఒక్కసారి ఉండాలి, అది ఒకటి. మధ్యలో ఆ కంపెనీ సిగ్నలు మీ ఇంట్లో రాకుండా పోయి వేరే కంపెనీకి మారవలసి వస్తే, మిగిలిన రోజుల డబ్బు మీ వెంట రాదు. అది రెండోది. ఏళ్ళ తరబడి ఒకే చోట ఒకే కంపెనీతో ఇబ్బంది లేకుండా ఉన్నవాళ్ళకి ఏడాది ప్లాను మంచిదే. అద్దె ఇళ్ళు మారేవాళ్ళకి మూణ్ణెల్లది నయం.

ఇక ఎవరికి ఎంత కావాలి అన్నది. ఇంట్లో అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టించం గదా! కాని రీఛార్జి మాత్రం అందరికీ ఒకటే చేయిస్తున్నాం. రోజుకి ఒకటిన్నర జీబీ నెట్ అని ఇస్తారు. ఆ రోజు వాడనిది అర్ధరాత్రి దాటితే చెల్లిపోతుంది, రేపటికి మిగలదు. ఫోను సెట్టింగుల్లో నెల మొత్తానికి ఎంత నెట్ వాడారో కనబడుతుంది. పిల్లల్ని అడిగితే అరనిమిషంలో తీసి చూపిస్తారు. ఒక్కసారి చూడండి. కాలేజీకి బస్సులో గంటన్నర వెళ్ళే అబ్బాయికి ఆ నెట్ చాలకపోవచ్చు. ఇంట్లో వైఫై ఉండి, ఇల్లూ కాలేజీ తప్ప ఎరగని అమ్మాయికి అందులో పావు వంతు కూడా ఖర్చు కాకపోవచ్చు.

పెద్దవాళ్ళ విషయం మరీ అన్యాయం. బొత్తాల ఫోను వాడే ముసలావిడకి నెట్ ఎందుకు? అయినా చాలా ఏళ్ళు నెట్ తో కలిపి కొనక తప్పేది కాదు. 2024 డిసెంబరులో ట్రాయ్ వారు, మాటలకీ మెసేజీలకీ మాత్రమే పనికొచ్చే ప్లానులు విడిగా పెట్టాలని నిబంధన తెచ్చారు. అటువంటి ప్లాను 365 రోజుల దాకా ఉండవచ్చునని కూడా అన్నారు. 2025 జనవరి నుంచి కంపెనీలు అవి తెచ్చాయి. మనం అనుకున్న ఇంట్లో అత్తగారికి ఇలాంటిది ఏడాదికి సుమారు 1,900 పెట్టి వేయిస్తే, 3,900కి బదులు సగం లోపే అవుతుంది. ఆవిడకి తరిగేది ఏమీ లేదు. కొట్టుకి వెళ్ళి "నెట్ వద్దు, మాటలు మాత్రమే ఉన్నది కావాలి" అని నోరు విప్పి అడగాలి, అంతే.

రెండో సిమ్ము సంగతి. అవసరం లేదనుకుంటే మానెయ్యవచ్చు, కాని ఊరికే వదిలెయ్యకండి. ఆ నంబరు బ్యాంకులో ఉందా, ఆధార్ లో ఉందా, గ్యాసు పుస్తకంలో ఉందా, పింఛను కాగితాల్లో ఉందా అని ముందు చూసుకోవాలి. వాడకం లేని నంబరుని 90 రోజుల తరవాత కంపెనీ రద్దు చేసి, కొన్నాళ్ళకి ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ బ్యాంకు నుంచి వచ్చే రహస్య సంఖ్య ఎవరికో ముక్కూ మొహం తెలియనివారికి పోతుంది. కాబట్టి అన్నిచోట్లా ఉంచుకోదలచిన నంబరుకి మార్పించి, ఆ తరవాతే రెండోది వదలండి. ఇదొక్కటీ వదిలితే పైన చెప్పిన ఇంట్లో 2,600 మిగిలింది. అమ్మాయికి చిన్న ప్లాను వేస్తే మరో 1,300. అత్తగారిది 2,000. మొత్తం 5,900. ఎవరి మాటా ఆగలేదు, ఎవరి చదువూ ఆగలేదు.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగానే చెప్పాలి. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ఇంట్లో మొట్టమొదట ఎవరి ఫోను ఆగుతుందో గమనించారా? ఇల్లాలిది. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, నీకెందుకూ, నా ఫోను నుంచి చేసుకో" అంటారు. మనమూ సరేనంటాం. చాలాసార్లు వాళ్ళు అనకముందే మనమే అనేస్తాం. మా వీధిలో జాకెట్లు కుట్టే ఒకావిడ ఉంది. మంచి పనిమంతురాలు. కిందటేడు ఇంట్లో డబ్బుకి కటకటగా ఉందని ఆవిడ ఫోనుకి రీఛార్జి ఆపేశారు. సరిగ్గా దసరాకి నెలముందు. గడువు దాటిన కొన్నాళ్ళకి బయటినుంచి వచ్చే ఫోనులు కూడా ఆగిపోతాయని ఆవిడకి తెలియదు. ఏటా వచ్చే బేరాలు ఈసారి ఎందుకు రాలేదో అర్థం కాక, "జనానికి నా కుట్టు నచ్చడం మానేసింది కాబోలు అక్కయ్యగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళంతా ఫోను చేసి, పలకకపోతే మరో కొట్టుకి వెళ్ళారు. మిగిల్చింది రెండొందలు. పోయిన కూలి ఎంతో ఆవిడకే తెలియాలి. నా సంగతీ అంతే. రేడియోవారి పిలుపు నాకు వచ్చేది నా నంబరుకే. అది ఆగితే ఈ నాలుగు మాటలు మీకు ఇంకెవరో చెప్పేవారు.

ఆడపిల్ల పుట్టింటితో మాట్లాడుకునేదీ, పెద్దావిడ ఒంట్లో బాగాలేదని కబురు చేసేదీ ఆ ఫోనులోనే. పల్లెలో ఒంటరిగా ఉండే తల్లిదండ్రుల ఫోను గడువు తేదీ మన క్యాలెండరు మీద ఎర్రసిరాతో ఉండాలి. గ్యాసు బుక్ చేసిన తేదీ రాసుకుంటాం, ఇది రాసుకోలేమా? రద్దు చేస్తే చెయ్యండి, కాని ఎవరిది ఆపుతున్నామో ఆ మనిషిని అడిగి చెయ్యండి. పద్దు మనదగ్గర ఉంటే ఆ మాట అనడానికి మనకి నోరు ఉంటుంది. సినిమాల కోసం కట్టే డబ్బు ఇంత పోతోంది, నా రీఛార్జి ఇంత, ఏది ఆపుదాం అని కాగితం ముందు పెట్టి అడగవచ్చు.

బ్రాడ్‌బ్యాండు ఉన్నవాళ్ళు చాలామంది రెండువేపులా కడుతున్నారు. ఇంట్లో వైఫైకి కడుతూ, ప్రతి ఫోనుకీ పెద్ద నెట్ ప్లానూ వేయిస్తారు. నలుగురైదుగురు ఉండి, పిల్లల చదువులు ఇంట్లో సాగేచోట బ్రాడ్‌బ్యాండు ఉంచుకుని ఫోను ప్లానులు చిన్నవి చెయ్యడం మేలు. ఇద్దరే ఉండి, ఇద్దరూ పగలంతా బయట ఉంటే అసలు బ్రాడ్‌బ్యాండే అక్కర్లేదు. ఒక ఫోను నెట్ రెండోదానికి పంచుకోవచ్చు. అన్నట్టు, వాట్సాప్ లో వచ్చే శుభోదయం బొమ్మలూ, వీడియోలూ మనం చూసినా చూడకపోయినా వాటంతట అవే దిగిపోతుంటాయి. సెట్టింగుల్లో స్టోరేజి అండ్ డేటా అన్నచోట ఆ స్వయంగా దిగడం ఆపెయ్యవచ్చు. సగం నెట్ మిగిలిందని మా వదినగారు సంబరపడింది. వదినగారికి దగ్గిర చుట్టాలే అరవైమంది లెండి!

కన్నం పడ్డ కుండలో నీళ్ళలా పోయే డబ్బు వేరే ఉంది. మా అత్తగారి ఫోనుకి ఎవరు చేసినా ఒక సినిమా పాట మోగేది. ఆవిడకి తెలియనే తెలియదు. చేసినవాళ్ళకి వినబడేది ఎత్తేవాళ్ళకి ఎలా వినబడుతుంది? ఎప్పుడో ప్రకటన ఫోను వస్తే ఏదో నొక్కారట. నెలనెలా బాలెన్సులోంచి కొంత తెగిపోతూనే ఉంది. ఇలాంటివి రెండుసార్లు మన ఒప్పుదల తీసుకోకుండా మొదలుపెట్టకూడదని 2013లోనే ట్రాయ్ చెప్పింది. మానుకోవాలంటే స్టాప్ అని ఇంగ్లీషులో 155223 నంబరుకి మెసేజి పంపాలి. ప్రకటన ఫోనులే వద్దనుకుంటే 1909కి చేసి నమోదు చేయించుకోవచ్చు. ఇక "మొదటి నెల ఉచితం" అనే సినిమా యాప్‌లు! ఉచితమని చేరేటప్పుడే ప్రతినెలా తీసుకోవడానికి మనచేత అనుమతి నొక్కించుకుంటారు. డబ్బు పంపే యాప్ లో ఆటోపే అనేచోట ఏమేమి ఉన్నాయో చూసి, అక్కర్లేనివి రద్దు చెయ్యండి. రీఛార్జి చేసినందుకే రూపాయో రెండో విడిగా తీసుకునే యాప్‌లు కూడా ఉన్నాయి. చివరి మెట్టు మీద ధర మారిందేమో చూసుకుంటే తెలుస్తుంది. తెలియని విదేశీ నంబరు నుంచి ఒక్కసారి మోగి ఆగిపోతే తిరిగి చెయ్యకండి. ఆ ఒక్క ఫోనుకే బోలెడు ఖర్చవుతుంది.

కూతురి కాన్పుకని అమెరికా వెళ్ళే తల్లులకి ఒక మాట. ఇక్కడినుంచి వాళ్ళతో మాట్లాడడానికి వాట్సాప్ ఉంది, వైఫై మీద విడిగా ఏ రుసుమూ పడదు. చిక్కంతా ప్రయాణంలోనే. విమానం దిగగానే ఫోను అక్కడి నెట్ పట్టుకుంటే, ప్యాకు లేకపోతే, బిల్లు గుండె ఆగేట్టు వస్తుంది. బయల్దేరేముందే డేటా రోమింగ్ ఆపెయ్యమని పిల్లల్ని అడగండి. బ్యాంకు మెసేజీలు అక్కడికి రావడానికి ఏం చెయ్యాలో ఇక్కడ ఉండగానే కంపెనీవారిని అడిగి, ఆర్నెల్ల గడువుకి సరిపడా వేయించి వెళ్ళండి.

2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ ఒకేసారి రేట్లు పెంచాక, కంపెనీ మారుదామా అని చాలామంది ఆలోచించారు. నంబరు మార్చకుండానే మారవచ్చు. ప్రస్తుతం ఉన్న కంపెనీలో 90 రోజులు నిండాలి, పోస్టుపెయిడు అయితే బాకీ ఉండకూడదు. పోర్ట్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి మెసేజి పంపితే ఎనిమిది అక్షరాల కోడు వస్తుంది. అది నాలుగు రోజులే చెల్లుతుంది. ఈలోగా ఆధార్ పట్టుకుని కొత్త కంపెనీవారి దగ్గరకి వెళ్ళాలి. రాష్ట్రాలు 2014లో రెండయినా, ఈ లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిలు. గుంటూరు నంబరు హైదరాబాదులో మార్చుకున్నా సొంత సర్కిలు లెక్కే, మూడు పనిదినాల్లో అయిపోతుంది. కాని మారేముందు ఒక్క పని చెయ్యండి. కొత్త కంపెనీ ఫోను ఉన్న పక్కింటివారిని పిలిచి మీ వంటింట్లో, వెనక గదిలో నిలబెట్టి మాట్లాడించండి. వీధి అరుగు మీద మాత్రమే పలికే ఫోను ఎంత చవకైనా దండగే.

డబ్బు అన్యాయంగా తెగిందనుకుంటే 198కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వాళ్ళు ఒక నంబరు చెబుతారు. ఆ నంబరు అడిగి మరీ తీసుకోండి. దానికి సరైన జవాబు రాకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, అక్కడికి వెళ్ళడానికి ఆ నంబరే ఆధారం. అప్పీలుకు రుసుమేమీ లేదు. మా అత్తగారి పాట డబ్బులు అలాగే తిరిగొచ్చాయి. అన్నీ కాదు, రెండు నెలలవి. ఆవిడ మాత్రం ఆ పాట ఏమిటో ఒక్కసారి వినిపించమని ఇప్పటికీ అడుగుతుంటారు.